అమ్మడికి, ఆరో ఎపిసోడ్ గురించి

అమ్మడూ,

నువ్వు పంపిన రెండు పేజీలు రాత్రి చదివాను. సూపర్‌మ్యాన్ కుర్రతనం కథగా వచ్చిన అమెరికన్ టీవీ సీరియల్ ‘స్మాల్‌విల్’ మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్, ‘అవర్ గ్లాస్’ మీద రాశావు. ‘కొంత బాగుంది, కొంత బాగాలేదు, మొత్తానికి ఓకే, అయిదుకి రెండున్నర’ అని తేల్చేశావు. ఉప్పు ఎక్కువైన పప్పూ, ఉప్పే లేని కూరా కలిపి తిని ‘భోజనం సరిపోయింది’ అన్నట్టుంది.

ఇంకోసారి చూడు. అందరూ ఫోన్ పక్క గదిలో పెట్టమంటారు. నువ్వు మాత్రం చేతికి అందేంత దూరంలోనే పెట్టుకో. చెయ్యి దాని మీదికి పోయిన ప్రతిసారీ ఎన్నో నిమిషమో కాగితం మీద రాసుకో. నేను పత్రికకు రాసే రోజుల్లో గోడ గడియారం వంక చూసినప్పుడల్లా ఒక గీత పెట్టుకునేవాణ్ణి. రాయడానికి కూర్చున్నాక ఆ గీతలే నాకు ఆధారం.

నీ కోసం నేనూ మళ్లీ చూశాను. గీతలన్నీ హ్యారీ కనిపించిన చోటే పడ్డాయి. వృద్ధాశ్రమంలో ఉన్న పాత హంతకుడు, ఉల్కారాళ్లున్న నీళ్లలో పడి కుర్రాడై బయటికొస్తాడు. ఇక పాత పగలు తీర్చుకోవడమే పని. ఆ తర్వాత ఏం జరుగుతుందో నువ్వూ నేనూ ముందే చెప్పేయగలం.

అదే ఆశ్రమంలో కాసాండ్రా ఉంది. ఉల్కలు పడిన రోజు చూపు పోయిన ముసలావిడ. చెయ్యి పట్టుకుంటే ఆ మనిషి భవిష్యత్తు కనిపిస్తుంది. ముందు ముందు సూపర్‌మ్యాన్‌కి శత్రువయ్యే లెక్స్ చెయ్యి ఆవిడ పట్టుకున్న సీన్ గురించి నువ్వు ‘సూపర్’ అని ఒక్క మాట రాసి వదిలేశావు. అక్కడ ఆగాలమ్మా! తెల్ల సూటు వేసుకున్న లెక్స్ అధ్యక్షుడి గదిలో ఉంటాడు. తర్వాత పొద్దుతిరుగుడు తోట. పువ్వు ముట్టుకుంటే తోటంతా ఎండిపోతుంది, ఎముకలు తేలతాయి, పైనుంచి రక్తం వానలా కురుస్తుంది. అది చూసిన ఆవిడ ప్రాణం అక్కడే పోతుంది. ఆవిడ ఏం చూసిందో లెక్స్‌కి తెలియదు, మనకి తెలుసు. లెక్స్‌గా వేసిన మైకేల్ రోసెన్‌బామ్ మొహం చూడు, అడగాల్సిన మాట నోట్లోనే ఉండిపోతుంది. నువ్వు ఒక పేరా రాయాల్సింది దీని మీద.

ఇంకో సంగతి. కాసాండ్రా క్లార్క్ చెయ్యి, అంటే మన కుర్ర సూపర్‌మ్యాన్ చెయ్యి, పట్టుకున్నప్పుడు శ్మశానం కనిపిస్తుంది, తనవాళ్లందరి సమాధుల మధ్య తనొక్కడే మిగులుతాడు. అంటే అందరూ ముసలివాళ్లై పోయాక కూడా బతికుండే కుర్రాడు ఒక పక్క, వయసు వెనక్కి తెచ్చుకున్న ముసలాడు ఇంకో పక్క. రెండు కథలూ ఒకే ఆలోచనలోంచి పుట్టాయి. ఒకటి పండింది, ఇంకొకటి పగ కథలోకి జారిపోయింది. ఎక్కడ జారిందో పట్టుకుంటే నీ వ్యాసం అక్కడే మొదలవుతుంది. క్లార్క్‌గా వేసినతని మీద నువ్వు రాసిన ‘టామ్ వెల్లింగ్‌కి నటన రాదు’ అన్న వాక్యం కొట్టేశాను. ఆ సమాధుల మధ్య అతన్ని ఇంకోసారి చూసి, అప్పటికీ అలాగే అనిపిస్తే మళ్లీ పెట్టుకో.

ఎందుకు జారిందని అడుగుతావేమో. ఇది 2001 నవంబరు 20న అమెరికాలో ‘ది డబ్ల్యూబీ’ ఛానెల్లో వచ్చింది. ఆ సీజన్లో 21 ఎపిసోడ్లు. ఆ ఉల్కారాళ్ల ప్రభావంతో వారానికొక వికృతమనిషి రావాలి, క్లార్క్ అతన్ని ఆపాలి. అభిమానులు దాన్నే ‘ఫ్రీక్ ఆఫ్ ద వీక్’ అని ఎగతాళి చేసేవాళ్లు. పైగా సూపర్‌మ్యాన్ డ్రెస్సు వేయకూడదు, ఎగరకూడదు అని తీసేవాళ్లు ముందే గీత గీసుకున్నారు. ‘కథ మధ్యలో ఊరికే చీకటి పడుతోంది’ అని విసుక్కున్నావు చూడు, అవి ప్రకటనల కోసం వదిలిన ఖాళీలు. చీకటి పడే ముందు ఎవరో ఒకరు ప్రమాదంలో పడాలి, లేకపోతే జనం ఛానెల్ మారుస్తారు. మన వారపత్రికల సీరియల్ రచయితలు పడిన తిప్పలే ఇవీను. ఇదంతా తప్పుని మాఫీ చేయడానికి కాదు. కారణం తెలిస్తే తిట్టు కూడా సరైన చోట తగులుతుందని.

నా మొదటి సంవత్సరంలో ఒక సినిమాని రెండు కాలమ్‌ల నిండా ఏకి పారేశాను. మధ్యలో ఎక్కడో ‘ఒక పావుగంట తప్ప’ అని రాశాను. ఎడిటర్ గారు ఆ మూడు మాటల కింద ఎర్ర సిరాతో గీత గీసి, ‘ఏ పావుగంట బాబూ?’ అని రాసి తిప్పి పంపారు. రాత్రంతా కూర్చుని మళ్లీ రాశాను. రెండో కాపీలో తిట్లు సగానికి తగ్గాయి. పావుగంట మాత్రం ఒక కాలమ్ అయింది.

ఆ రెండున్నర తీసెయ్. ‘ఓకే’ కూడా. ఆదివారం లోపు పంపితే చూస్తాను, సోమవారం నాకు శుక్లాల ఆపరేషన్. ఆ తర్వాత కొన్నాళ్లు చదవకూడదట, మీ పెద్దమ్మ చదివి వినిపించాలి. ఆవిడ నాకన్నా నిర్దాక్షిణ్యం.

నీ పెదనాన్న