మదర్‌బోర్డు సంగతి తర్వాత, ముందు ఎస్‌ఎంపీఎస్ చూడండి

"యాభై వేల బడ్జెట్‌లో ఎక్కువ కాలం నడిచే మదర్‌బోర్డు ఏది? దానికి ఎన్ని వాట్ల పవర్ సప్లై కావాలి?" అని అడిగారు. నేను హన్మకొండలో కేయూ క్రాస్ రోడ్డు దగ్గర డీటీపీ షాపు నడుపుతాను. బోర్డు దానంతటది పాడవడం చాలా అరుదు. దాన్ని చంపేది పవర్ సప్లైనే, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా. దాన్నే ఎస్‌ఎంపీఎస్ అంటాం.

2019 మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. ఒక పీహెచ్‌డీ అబ్బాయి థీసిస్ సర్దుతున్నాను, తెల్లారితే సబ్మిషన్. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే వీక్. నాలుగోసారి కరెంటు రాగానే టప్‌మని చప్పుడు, వెంటనే మాడు వాసన. వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూస్తే ఫ్యాను కూడా తిరగలేదు, బోర్డు కూడా పోయింది. ఆ అబ్బాయి కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. హార్డ్‌డిస్క్ బతికింది కాబట్టి పక్క సిస్టమ్‌కు పెట్టి, రాత్రి రెండింటిదాకా ప్రింట్లు తీశాం.

మర్నాడు ఆ ఎస్‌ఎంపీఎస్ విప్పాను. క్యాబినెట్‌తో పాటు వచ్చిందది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక. లోపల రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకదాని నుంచి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. పైన పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లే. గుణిస్తే 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా నడిచేది ఆ లైను మీదే. కొనేటప్పుడు అడిగితే షాపతను "ఏం గాదన్నా, అందరికీ గిదే ఇస్తున్నం" అన్నాడు.

అందుకే ఆ పట్టిక చదవకుండా కొనకండి. 36 ఆంపియర్లుంటే 432 వాట్లు, అది నిజమైన 450 వాట్ల సరుకు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే అది చాలు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు పెడితే దాన్ని తయారుచేసే ఎన్విడియానే 550 వాట్లు ఉండాలంటుంది. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది, అంతే. నేనైతే ఐదేళ్ల వారంటీ చూసి కొంటాను. ఇంకొకటి, మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే) ఎస్‌ఎంపీఎస్ అయితే ఒక కంపెనీ కేబుళ్లు ఇంకో కంపెనీ దానికి పెట్టకండి. సాకెట్‌లో పట్టినా లోపలి పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు, బోర్డు కాలిపోతుంది.

బోర్డు విషయంలో సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), ర్యామ్ కలవాలి. ఏఎండీ ప్రాసెసర్ల ఏఎం5 సాకెట్ బోర్డులకు డీడీఆర్5 రకం ర్యామ్ మాత్రమే పడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ల ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో డీడీఆర్4వీ, డీడీఆర్5వీ రెండు రకాల బోర్డులున్నాయి, చూసుకోకపోతే ర్యామ్ దండగ. ప్రాసెసర్ పక్కన వీఆర్ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద హీట్‌సింక్, అంటే వేడి లాగే లోహపు దిమ్మ, ఉన్నదే తీసుకోండి, మన ఎండలకు అది కావాలి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఎర్తింగ్. మా మడిగెలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంది, వెనక వైరు లేదు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనేది. ఓనర్‌ను అడిగితే "ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు" అన్నాడు. చివరికి నా డబ్బులతోనే గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు పోయించాను. మీ ఇంట్లో కూడా ఎలక్ట్రీషియన్‌తో ముందు అది చూపించండి. ఏ ప్రాసెసర్ అనుకుంటున్నారో రాస్తే, బోర్డు పేరు అప్పుడు చెబుతాను.