చలికాలం పుస్తకాల కూడిక పెట్టబోతున్న చిట్టికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. మీ బెళ్ళందూరు అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళందరినీ పోగుచేసి, కార్తీకం వెళ్ళింది మొదలు శివరాత్రి దాకా ప్రతి శనివారం కూర్చుని, ఎవరేం చదువుతున్నారో ఒకరికొకరు చెప్పుకోవాలని అనుకుంటున్నావట. వినగానే కడుపు నిండిపోయింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని మీటింగ్‌లోకి వెళ్ళిపోతావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

హాలు ముందే అడిగి పెట్టుకో. తేదీలు కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించు. సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టు, డిసెంబరులో ఆరింటికల్లా చీకటి పడిపోతుంది. ఒక ఫ్లాస్కు కాఫీ చాలు. టిఫిన్ల జోలికి మాత్రం పోవద్దు. ఒక వారం ఒకరు ఉప్మా తెస్తే, పై వారం ఇంకొకరు గారెలు తెస్తారు. ఆఖరికి ఆడవాళ్ళు పుస్తకం వదిలేసి వంటింట్లోనే ఉండిపోతారు. అలా కానివ్వకు.

సంక్రాంతికి అటూ ఇటూ రెండు శనివారాలు ఖాళీగా వదిలెయ్. చిత్తూరు, మదనపల్లె, అనంతపురం, గుంటూరు, ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. వెళ్ళేవాళ్ళ చేతిలో పుస్తకాల చీటీ పెట్టు. డిసెంబరులో హైదరాబాదులో పుస్తక ప్రదర్శన ఉంటుంది, జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. బెంగళూరులో దొరకని తెలుగు పుస్తకాలు అక్కడి నుంచి సంచుల్లో వచ్చేస్తాయి.

కొనమని మాత్రం ఎవరినీ బలవంతపెట్టకు. మీ వయసు పిల్లలకి లైబ్రరీ కార్డు అనేది ఒకటుందని గుర్తే లేదు, నాకు నిజంగా కోపం వస్తుంది. కర్ణాటకలో ఇంటిపన్నుతో పాటు నూటికి 6 రూపాయల గ్రంథాలయ సెస్సు కూడా వసూలు చేస్తారు. అంటే ఆ పుస్తకాలకి మనం ముందే డబ్బు కట్టేశాం. కబ్బన్ పార్కులో ఆ ఎర్ర భవనం, శేషాద్రి అయ్యర్ పేరు మీదున్న సెంట్రల్ లైబ్రరీ, ఒక్కసారైనా లోపలికి వెళ్ళావా? అదే పార్కులో 2023 నుంచి శనివారం పొద్దున్నే జనం చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు మౌనంగా చదువుకుంటున్నారు. ఒకసారి పోయి చూసి రా. నువ్వు పెట్టేది మాటల కూడికే అయినా, అంతమంది ఒకచోట చేరి చదువుకోవడం చూస్తే నీకు ధైర్యం వస్తుంది. పాత పుస్తకాలకైతే బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో సెలెక్ట్ ఉంది. 1945లో మొదలైన అంగడి అది. నా జీతం రోజుల్లో ఎంత పోశానో అక్కడ.

తెలుగు పుస్తకమే చదవాలని రూలు పెట్టకు. ఇది గట్టిగా చెబుతున్నాను. బెంగళూరు తెలుగువాళ్ళలో సగం మందికి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. కోలారు, ముళబాగిలు, చింతామణి వైపు వాళ్ళు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. మీ తరం వాళ్ళు ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు. పుస్తకం ఏ భాషదైనా సరే, చెప్పడం మాత్రం తెలుగులో చెప్పమను. కన్నడ నవల చదివి తెలుగులో చెబుతుంటే ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు.

ప్రతి శనివారం కాసేపు ఎవరో ఒకరు పైకి చదవాలి. మాకు అనపకాయల కాలం వచ్చిందంటే అదే పని. మీ అమ్మమ్మ గింజలు రాత్రంతా నానబెట్టేది. పొద్దున్నే అందరం జల్లెడ చుట్టూ కూర్చుని పితికేవాళ్ళం. గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడేది, తోలు చేతికి అంటుకునేది. తడి చేతులతో పుస్తకం ముట్టుకోకూడదు కాబట్టి ఒక్కరికి పని మాఫీ, వాళ్ళు వారపత్రికలో సీరియల్ చదవాలి. మీ అమ్మ ఎప్పుడూ ఆ పనే కావాలనేది. గబగబా చదివేసి కథ తేల్చేయాలని మధ్యలో పేరాలు మింగేసేది. మీ అమ్మమ్మ తలెత్తకుండానే "వెనక్కి పో" అనేది. పితికిన పప్పు కూర వండేటప్పటికి ఆ వారం కథ ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేసేది. చదువు రాని మా నాయనమ్మ కూడా పై వారం ఏం జరుగుతుందో చెప్పి పందెం కాసేది. ఇప్పటికీ అనపకాయల వాసన తగిలితే నాకు ఆ సీరియలే గుర్తొస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం రాసిందే దీనికోసం.

తొంభైల్లో మల్లేశ్వరంలో మాకూ ఇలాంటి కూడిక ఉండేది. నడిపించేది ఒక పెద్దాయన, పదిమందికి పుస్తకాలు మోసుకొచ్చి పంచే మనిషి. చెడ్డ ఉద్దేశం ఆయనకి ఏ కోశానా లేదు. జనంలో ఉత్సాహం పెరుగుతుందని ఒక చలికాలం గోడకి చార్టు కట్టారు. ఎడమవైపు పేర్లు, పైన వారాలు, గళ్ళలో ఎవరు ఎన్ని పుస్తకాలు పూర్తి చేశారో అంకెలు. ఎక్కువ చదివిన వాళ్ళకి శివరాత్రినాడు బహుమతి.

మా ఎదురింటావిడ ఆ కూడికకి వచ్చేది. చింతామణి వైపు మనిషి, కన్నడ మీడియంలో చదివింది. యాభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకుంది. రెండు లిపులూ దగ్గరే కాబట్టి చాలావరకు పట్టేసేది, 'క' దగ్గరా తలకట్టు దగ్గరా తడబడేది. ఆమె చేతిలో ఉండేది అమరావతి కథలు. నూరు చిన్న కథలు, వారానికి ఒకటి చదివేది. శనివారం వచ్చి ఆ ఒక్క కథా చెప్పేది. మధ్యలో "ఇక్కడ నాకు మా మేనత్త గుర్తొచ్చింది" అని పక్కదారి పట్టేది. గది అంతా కదలకుండా వినేది. పుస్తకం రాసినాయన అక్కడుంటే ఆయనా వినేవాడు.

చార్టు పెట్టిన మొదటి వారం ఆమె గడిలో సున్నా పడింది. రెండో వారం సున్నా. ఎర్ర పెన్సిలుతో వేశారు. పుస్తకం పూర్తి కాలేదు కదా, లెక్క ప్రకారం అది సున్నానే. మిగతావాళ్ళు పల్చటి పుస్తకాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఒక కుర్రాడు వెనక అట్ట మీది నాలుగు ముక్కలు చదివి మొత్తం నవల చదివినట్టు చెప్పాడు. ఎవరో చివర్లో ఏమైందని అడిగితే మొహం ఎర్రబడిపోయింది, పాపం. అంతకుముందు వాడు బాగా చదివే పిల్లాడే. అంకె కోసం అబద్ధం నేర్చుకున్నాడు.

ఎదురింటావిడ మోకాళ్ళ నొప్పులని మానేసింది. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్తే వరండాలో నీరెండకి కూర్చుని చదువుతూ ఉంది, వేలు కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ. రావడం లేదేమంటే "పుస్తకం అయిపోనీ, అప్పుడొస్తాను" అంది. అయిపోయేలోపు చలికాలం అయిపోయింది. బహుమతి ఎవరికిచ్చారో నాకు గుర్తులేదు. మరుసటి ఏడు కూడిక జరగలేదు.

నువ్వు లెక్కల మనిషివి చిట్టీ. ఆఫీసులో అన్నీ కొలుస్తారు. నీ ఫోన్లో రోజుకెన్ని అడుగులు నడిచావో కూడా ఉంటుంది. నాకున్న భయమల్లా అదే. ఎవరో మంచి మాటగానే "అందరం ఒక షీట్ పెట్టుకుందామా" అంటారు. ఒప్పుకోకు. చదివిన పుస్తకాల దొంతరలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టే అలవాటు కూడా మొదట్లోనే ఆపు. ఎన్ని చదివావు అని ఎవర్నీ అడగొద్దు. ఏ పేజీలో ఉన్నావు, అక్కడ ఏం జరుగుతోంది, ఎక్కడ విసుగొచ్చింది, ఏ మాట దగ్గర ఆగావు, ఇవి అడుగు. సగంలో వదిలేసినవాళ్ళని ఎందుకు వదిలేశావని మందలించినట్టు కాకుండా, తెలుసుకోవాలని అడుగు. ఆ జవాబుల్లోంచే మంచి మాటలన్నీ వస్తాయి. ఈ వారం ఏమీ చదవలేదు అన్నవాళ్ళకి మొదటి కాఫీ నువ్వే ఇవ్వు.

వేయిపడగలు అందరం కలిసి చదువుదామని మీ అమ్మతో అన్నావట. మొదటి ఏడు వద్దు. విశ్వనాథ దాన్ని 1934లో 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు, కానీ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి చదవడానికి చలికాలమంతా చాలదు. కావాలన్నవాళ్ళు సొంతంగా మొదలుపెట్టి వారం వారం ఒక అధ్యాయం సంగతి చెప్పమను. అందరికీ కలిపి చిన్న కథలతో మొదలుపెట్టు.

అన్నీ నెత్తిన వేసుకోకు. కుర్చీలు ఒకరు వెయ్యాలి, కాఫీ ఒకరు తేవాలి. పోయిన ఏడాది దసరాకి నువ్వొక్కదానివే పరిగెత్తి జ్వరం తెచ్చుకున్నావు, నీ పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది నేనే. బెంగళూరు చలి తేలిక అని స్వెటర్ లేకుండా తిరగొద్దు. మామూలుగా 15, 16 డిగ్రీల దగ్గరే ఆగుతుంది గానీ 1884 జనవరిలో ఈ ఊళ్ళో 7.8 దాకా దిగింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరైనా వస్తే తలుపు దాకా దిగబెట్టి రా.

మీ నాన్నతో ఒక సంచి పంపిస్తున్నాను. పైనున్న అమరావతి కథలు బైండింగ్ ఊడింది, మెల్లగా తెరువు. మార్జిన్లలో పెన్సిల్ గీతలున్నాయి, చెరపకండి. మొదటి శనివారం నేనూ వస్తాను. ముందు వరసలో కూర్చోబెట్టి పరిచయాలు చెయ్యకు. వెనకాల ఫ్యాను గాలి తగలని చోట ఒక కుర్చీ వెయ్యి. నా వంతు వచ్చినప్పుడు పిలువు, నేను చదువుతున్నది ఇంకా సగంలోనే ఉంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ