మిడ్‌వైఫరీకి ఏ పుస్తకాలు కొనాలి? ముందు అచ్చైన సంవత్సరం చూడు చెల్లీ

అడిగిన ప్రశ్న ఇది: "మిడ్‌వైఫరీ కోర్సులో కొత్తగా చేరాను. ఏ పాఠ్యపుస్తకాలు కొనాలి? జర్నల్స్ కూడా చదవాలంటున్నారు, అందులో నిజంగా పనికొచ్చేవి ఏవి?"

నువ్వు అంటున్నానని ఏమనుకోకు చెల్లీ, లేబర్ రూమ్‌లో అలవాటైపోయింది. రెండు పుస్తకాలు కొను, చాలు. మూడోది కొంటే దుమ్ము దులపడానికే. ఆ రెండూ ఏవో కింద చెప్తాను. ఏది కొన్నా సరే, షాపులోనే అట్ట తిప్పి, లోపల చిన్న అక్షరాల్లో ఏ సంవత్సరం అచ్చైందో చూడు. ఈ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ఓ మేడమ్ చెప్పారు గానీ, పదిమంది ముందు చెప్పారు.

నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి, కొన్నేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి, ఆ తర్వాత 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌కి, అంటే మామూలు కాన్పులు నర్సులే చూసుకోవడం నేర్పే ట్రైనింగ్‌కి వెళ్లాను. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మొదలైన కోర్సు అదే. నేను తర్వాతి బ్యాచుల్లో దాన్ని. వెళ్లే ముందు కోఠీలో ఒక సెకండ్ హ్యాండ్ పుస్తకం కొన్నాను. దిండంత లావు. మొదటి పేజీలో ఎవరో అమ్మాయి నీలం ఇంకుతో పేరు రాసుకుంది, మధ్యలో ఒక పేజీకి పసుపు మరక. పేరున్న పుస్తకమే. మూడొందల యాభైకి దొరికిందని నెలరోజులు అందరికీ చెప్పుకుని తిరిగాను.

మొదటి వారంలోనే ట్రైనర్ మేడమ్ అందరి పుస్తకాలూ బల్ల మీద పెట్టించారు. నాది తీసి అట్ట వెనక చూసి, "2001లో నువ్వు ఏ క్లాసు?" అన్నారు. "ఆరో తరగతి మేడమ్" అన్నాను. పుస్తకం మూసి పక్కన పెట్టేశారు. క్లాసంతా నవ్వింది. నాకు మండింది. కాన్పు కొత్తగా పుట్టిందా ఏమిటి, మా అమ్మమ్మ నాటి నుంచీ అదే కదా అని లోపల గొణుక్కుని, పట్టుదలగా దాన్నే చదివాను.

మూడో నెలలో ఆ పుస్తకం నన్ను రోడ్డున పడేసింది. నైట్ డ్యూటీ. తొలిచూలు అమ్మాయి, ఇరవై ఒక్క ఏళ్లుంటాయేమో, రాత్రి పదకొండుకి చూస్తే గర్భసంచి ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుంది. నా పుస్తకం ప్రకారం నాలుగు దాటితే అసలు నొప్పులు మొదలైనట్టే, ఇక గంటకి ఒక సెంటీమీటర్ చొప్పున తెరుచుకోవాలి. కేస్ షీట్‌లో పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎంత వేగంగా సాగుతోందో గీసే చార్టు, తీసి గుర్తు పెట్టాను. తెల్లవారుజామున మూడింటికి మళ్లీ చూస్తే 5. ఎనిమిది ఉండాల్సిన చోట అయిదు! గుర్తు హెచ్చరిక గీత, అదే అలర్ట్ లైన్, దాటి మూడు గడులు పక్కకి పోయింది. ఇంకో గంటైతే యాక్షన్ లైన్, అది దాటితే ఇక ఏదో ఒకటి చేయాల్సిందే. నా చేతులు చల్లబడ్డాయి. సీనియర్ సిస్టర్ "నొప్పులు పెరగడానికి డ్రిప్ పెట్టి డాక్టరమ్మకి ఫోన్ చెయ్" అని ముందే అనేసింది. బయట బెంచీ మీదున్న వాళ్లమ్మ నా మొహం చూసే లేచి నిలబడింది. "ఆపరేషన్ అంటరా సిస్టరమ్మా?"

ఆ రాత్రి మేడమ్ మాతోనే ఉన్నారు. వచ్చి కాగితం చూడలేదు, అమ్మాయిని చూశారు. బిడ్డ గుండె చప్పుడు నొప్పి వచ్చినప్పుడూ తగ్గాకా విన్నారు. ఉమ్మనీరు పోలేదు. బీపీ, నాడి బాగున్నాయి. నొప్పులు ఆగి ఆగి వస్తున్నాయి, మధ్యలో ఆ అమ్మాయి మామూలుగా మాట్లాడుతోంది కూడా. "ఈమెకి అసలు నొప్పులు ఇప్పుడే మొదలయ్యాయి, నువ్వు నాలుగు గంటల ముందే గడియారం తిప్పావు" అన్నారు. మంచం దింపి నడిపించమన్నారు. వాళ్లమ్మని లోపలికి పిలిపించి, నడుం రాయమన్నారు. నేను గోరువెచ్చని నీళ్లు తాగిస్తూ వెనకాలే తిరిగాను. డ్రిప్ లేదు, కోత లేదు, కుట్టు కూడా పడలేదు. పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఆడపిల్ల. బొడ్డుతాడు వెంటనే కోయబోతుంటే మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఆపారు: ఒక నిమిషమైనా ఆగు, బిడ్డ రక్తం ఇంకా బిడ్డకి పోతోంది. అది కూడా నా పుస్తకంలో లేదు.

టీ తాగుతూ మేడమ్ చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. ఆ గంటకి సెంటీమీటర్ లెక్క వెనక ఉన్నది ఫ్రైడ్‌మన్ అనే డాక్టరు 1955లో న్యూయార్క్‌లో ఒకే ఆసుపత్రిలో 500 మంది తొలిచూలు తల్లుల మీద గీసిన గీత. మత్తు మందులు, ఫోర్సెప్స్ మామూలైన కాలం అది. ఆ తర్వాత 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు ఇప్పటి జింబాబ్వేలో అలర్ట్ లైన్, యాక్షన్ లైన్ గీశారు. అక్కడ చిన్న కేంద్రాల్లో ఉన్న తల్లిని పెద్దాసుపత్రికి పంపడానికి టైం కావాలి కదా, అందుకని ముందే హెచ్చరించే గీత. మనం పెద్దాసుపత్రిలోనే కూర్చుని ఆ గీత దాటగానే గుండెలు బాదుకుంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఈ గంటకి సెంటీమీటర్ లెక్కని పక్కన పెట్టి, చురుకైన దశ, అంటే అసలు నొప్పులు, 5 సెంటీమీటర్ల నుంచి అని చెప్పింది. 2020 డిసెంబరులో పార్టోగ్రాఫ్ బదులు లేబర్ కేర్ గైడ్ అనే కొత్త చార్టు తెచ్చింది. అందులో 5 దగ్గర ఆరు గంటలు, 6 దగ్గర అయిదు, 7 దగ్గర మూడు గంటలు కదలకుండా ఉంటేనే హెచ్చరిక. నా పుస్తకానికి పాపం ఇదేదీ తెలీదు, అది 2001లో పడుకుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో వంద కాన్పుల్లో అరవై సిజేరియన్లే, దేశంలో ఎక్కడా అన్ని లేవు. ముహూర్తాలు, ప్రైవేటు బిల్లులు అని అందరూ కారణాలు చెప్తారు. నన్నడిగితే పాత పుస్తకాలు కూడా ఒక కారణమే. లెక్కలు చూపించమంటే నా దగ్గర లేవు, ఆ ఒక్క రాత్రి ఉంది. నాకు అది చాలు.

సరే, పేర్లు. మన దగ్గర అందరూ ముందు దత్తా, అంటే డి.సి. దత్తా రాసిన ఆబ్‌స్టెట్రిక్స్ (ప్రసూతి శాస్త్రం) పుస్తకం, కొంటారు. మంచిదే, కటి ఎముకలు, బిడ్డ తల తిరిగే తీరు, కాంప్లికేషన్లు అంత సూటిగా చెప్పే పుస్తకం తక్కువ. కానీ అది డాక్టర్ల కోసం రాసిన పుస్తకం. ప్రతి అధ్యాయం ఏదో తేడా కొట్టడం కోసం కాచుకుని ఉన్నట్టుంటుంది. అదొక్కటే చదివితే తల్లిని చూసినప్పుడల్లా నీకు రోగమే కనిపిస్తుంది. రెండోది మైల్స్. 1953లో మార్గరెట్ మైల్స్ అనే స్కాట్లాండ్ మిడ్‌వైఫ్ మొదలుపెట్టింది, ఇప్పుడు వేరేవాళ్లు సవరిస్తూ కొత్త ఎడిషన్లు తెస్తున్నారు. మామూలు కాన్పు అంటే ఏమిటో, చెయ్యి పెట్టకుండా ఎలా కాచుకోవాలో అందులో ఉంటుంది. చిక్కు ఏంటంటే అది బ్రిటన్ పద్ధతులు రాస్తుంది. అక్కడ మిడ్‌వైఫ్ బాలింత ఇంటికి వెళ్లి చూసి వస్తుంది. మన వార్డులో ఒక సిస్టర్‌కి ఎన్ని మంచాలో నీకు తెలిసే ఉంటుంది. ఆ భాగాలు కథలా చదువుకుని పక్కన పెట్టు.

సాల్వ్‌డ్ పేపర్ల గైడ్లు మాత్రం పరీక్షకి పది రోజుల ముందు తప్ప ముట్టుకోకు. డబ్బు లేకపోతే రెండో పుస్తకం కూడా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 కాన్పు మార్గదర్శకాలు, లేబర్ కేర్ గైడ్ వాడే పద్ధతి, రెండూ ఉచితంగా దించుకోవచ్చు. ప్రింట్ తీసి స్పైరల్ చేయించు. ఫోన్‌లో ఉంచుకుంటే చదవవు, నాకు తెలుసు.

జర్నల్స్ సంగతి. ఏదీ డబ్బు కట్టి తెప్పించకు. బీఎంసీ ప్రెగ్నెన్సీ అండ్ చైల్డ్‌బర్త్ మొత్తం ఉచితం. కాక్రేన్ అని ఒక సంస్థ ఒక్కో విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి సమీక్షిస్తుంది. ఆ సమీక్షలకి మామూలు ఇంగ్లీషులో రాసిన సారాంశాలు ఎవరైనా చదవచ్చు, చిన్నగానే ఉంటాయి, డ్యూటీ మధ్యలో అయిపోతాయి. నెలకి ఒక్క పేపరు చదువు, ఆ వారం నువ్వు వార్డులో చూసినదాని మీదే. ఉదాహరణకి కాన్పయ్యాక రక్తస్రావం. మనం గుడ్డ చూసి "రెండొందల ఎంఎల్ ఉంటుంది" అని రాసేస్తాం కదా. 2023లో ఈ-మోటివ్ అని ఒక అధ్యయనం వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రులు, రెండు లక్షలకు పైగా తల్లులు. తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ షీట్ పరిచి, ఎక్కువ పోతున్నట్టు కనబడగానే చేయాల్సినవన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. మామూలు ఆసుపత్రుల్లో ఎక్కువ రక్తస్రావం సగం మందిలోనే కనిపెట్టారు, వీళ్లు వందకి 93 మందిలో కనిపెట్టారు. ప్రమాదకరమైన కేసులు 60 శాతం తగ్గాయి. అది చదివిన మర్నాటి నుంచి నేను గుడ్డ చూసి అంకె రాయడం మానేశాను.

ఇంకో రకం జర్నల్స్ ఉన్నాయి, వాట్సాప్‌లో వస్తాయి. "మీ పేపరు మూడు రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత పంపండి." వాటిలో అన్నీ ఒకే తీరు: స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం, అరవై మంది శాంపిల్, ముందు ఒక పరీక్ష, పాఠం, వెనక ఒక పరీక్ష, జ్ఞానం పెరిగింది. పాఠం చెప్పాక జ్ఞానం పెరక్కపోతే కదా వార్త! నేను కూడా అలాంటిదొకటి చేశాను, అందుకే ధైర్యంగా తిడుతున్నాను.

అసలు నా బాధ వేరే. ఇన్ని పుస్తకాల్లో మన తల్లి మాట్లాడే మాట ఒక్కటీ లేదు. "కడుపు గట్టిపడుతోంది", "నడుంలో మొదలై ముందుకి దిగుతోంది", "నీళ్లు పోయినయి గానీ ఉచ్చో ఉమ్మనీరో తెలుస్తలేదు", ఇవన్నీ చెప్పి మన మొహం చూస్తుంది. మనం ఇంగ్లీషులో నేర్చుకున్నది ఇంగ్లీషులో రాసుకుని, ఆమెకి మాత్రం "ముక్కమ్మా, ముక్కు" అని ఒక్కటే అరుస్తాం. అది కూడా అవసరం లేనప్పుడు.

అన్నట్టు ఆ 2001 పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. పారేయలేదు. కటి ఎముకల బొమ్మలు అందులోనే బాగుంటాయి, ఎముకలకి కొత్త ఎడిషన్ రాలేదు కదా. వెనక ఖాళీగా ఉన్న రెండు పేజీల్లో తల్లులు అనే మాటలు రాసుకుంటూ వచ్చాను. మొదటిది ఆ రాత్రి ఆ అమ్మాయి అన్నదే: "సిస్టర్, నన్ను కాసేపు ఎవరూ చూడకుండ్రి, నేను కంటా."