సమాధానం: శుభలేఖ మీద ఇటాలిక్ (వాలు) అక్షరాల సన్నగీతలు తెగిపోతుంటే

మెరూన్ అట్ట మీద బంగారు రంగు స్క్రీన్ ప్రింటింగ్, ప్లేఫేర్ డిస్‌ప్లే ఇటాలిక్ ఫాంటులో 11 పాయింట్ల ఇంగ్లీషు పేర్లు, సన్నగీతలు ఎగిరిపోయాయి అన్నారు. తప్పు మీరు అచ్చు వేయించిన భీమవరం ప్రెస్సుది కాదండి. ఆ ఫాంటు పెద్ద సైజుకి గీసింది. లావు, సన్నం గీతల మధ్య తేడా ఎక్కువ. పైగా బంగారు ఇంకులో రేణువులు ముతక, స్క్రీన్ మీది సన్నటి సందులో సరిగ్గా దిగవు.

పేర్లు 30 పాయింట్లకు పెంచండి. కోరల్‌లో (కార్డు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) బాగా జూమ్ చేసి అతి సన్నటి గీత కొలవండి. 0.3 మి.మీ. లోపుంటే అదే రంగులో 0.35 పాయింట్ల అవుట్‌లైన్ ఇవ్వండి, గీత సుమారు 0.12 మి.మీ. లావెక్కుతుంది. మరీ లావు చేస్తే ఇంగ్లీషు చిన్న 'e' కన్ను (లోపలి ఖాళీ) ఇంకుతో పూడిపోవచ్చు. ముహూర్తం, వేదిక లాంటి చిన్న వరసలకి ఈబీ గారమండ్ ఇటాలిక్ ఫాంటు వాడండి, అక్కడా సన్నగీత ఇలాగే కొలవండి.

మీ ఫొటోలో ఇంగ్లీషు చిన్న 'a' రెండంతస్తులుగా (కింద గుండ్రం, పైన వంపు) ఉంది, అంటే అది ఈ ఫాంటు అసలు ఇటాలిక్ కాదు, నిలువు అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ వంచింది. ఇటాలిక్ ఫైలు విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. పాత కోరల్ వేరియబుల్ ఫాంటు (అన్ని లావులూ ఒకే ఫైలులో ఉండేది) సరిగా తీసుకోదు, డౌన్‌లోడ్‌లో వచ్చే స్టాటిక్ ఫోల్డర్‌లోది వాడండి.

తెలుగు వరసల్ని మాత్రం దయచేసి వంచకండి. వత్తులు పక్క అక్షరం కిందికి జారినట్టు కనిపిస్తాయి, చూడలేం. ప్రెస్సుకి పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్ (ఫాంటు అవసరం లేని బొమ్మలు) చేసి, ఒక్క కార్డు ప్రూఫ్ (నమూనా) తీయించండి.