పల్లెలో వారం రోజులు ఉంటున్నప్పుడు ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి: మా అనుభవం

మీరు ఆరుగురు, అందులో ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. ఏడు రోజులకి పల్లెలో ఇల్లు అద్దెకి తీసుకున్నారు, చుట్టూ 60 కిలోమీటర్లలో కొండ మీద కోట, జలపాతం, సరస్సు, మ్యూజియం ఉన్నాయి, ఏదీ మిస్ కాకుండా రోజువారీ ప్లాన్ చెప్పమన్నారు. ముందు ఒక మాట చెప్పేస్తానండి, ఏదీ మిస్ కాకూడదన్న పట్టుదల వదిలేయండి. రెండేళ్ల క్రితం మేం ఇలాంటి లిస్టే పట్టుకుని వెళ్లాం. మొదటి మూడు రోజులూ కార్లోనే గడిచిపోయాయి, నాలుగో రోజు పొద్దున మా చిన్నోడు చెప్పులు వేసుకోకుండా గుమ్మంలో కూర్చుని, నేను కారెక్కనంటే ఎక్కనన్నాడు. సరే అని ఆ రోజు ఎటూ వెళ్లలేదు. ఇప్పటికీ ఆ ట్రిప్పు గురించి ఇంట్లో ఎవరు మాట్లాడినా ముందు వచ్చేది ఆ రోజు సంగతే.

జరిగింది కూడా పెద్దగా ఏం లేదు. ఇంటి ఓనరు గారు పిల్లల్ని వెనక కాలవ దగ్గరికి తీసుకెళ్లి, నీళ్ల మీదికి వంగిన ఒక కొమ్మ చూపించి, ఇక్కడ కదలకుండా కూర్చోండి అన్నారు. ఓ పావుగంటకి లకుముకి పిట్ట వచ్చి వాలింది. తల కిందికి పెట్టి నీళ్లకేసి చూస్తూ చూస్తూ ఒక్కసారిగా దూకి చేపతో పైకొచ్చింది, ఆ చేపని కొమ్మకేసి ఇటొకసారి అటొకసారి బాది, ముక్కులోనే తిప్పుకుని తల వైపు నుంచి మింగేసింది. తోక వైపు నుంచి మింగితే రెక్కలు, పొలుసులు గొంతులో అడ్డం పడతాయట, పిల్లలు అడిగితే ఆయనే చెప్పారు. ఎప్పుడూ ఫోను వదలని మా పెద్దమ్మాయి గంటకు పైగా అక్కడే కూర్చుంది. ఆ పిట్ట కోసమే ఆ తర్వాత రెండు పొద్దులు తనే మమ్మల్ని నిద్ర లేపింది.

అందుకే నా సలహా, ఒకరోజు బయటికి వెళితే మర్నాడు ఇంటి చుట్టుపక్కలే ఉండండి. వెళ్లిన రోజు కూడా ఒక్క చోటే. మ్యాపులో 60 కిలోమీటర్లు చూసి గంట ప్రయాణం అనుకోకండి, మలుపులు, గేదెల మందలు, ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకి దిగి ఆగడాలు అన్నీ కలిపి మాకు దాదాపు రెండు గంటలు పట్టేది. వెళ్లడానికి రెండు, రావడానికి రెండు పోతే ఇంక రెండో చోటు ఎక్కడ చూస్తారు?

కోట దగ్గర లెక్క ముందే వేసుకోండి. విలియం నైస్మిత్ అని స్కాట్లండ్‌కి చెందిన ఒక పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటుంది, నడకకి గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అంటే 3 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాలంటే గంట దాటుతుంది, అదీ ఆగకుండా నడిచే గట్టివాళ్లకి. పిల్లలతో మేం దాన్ని రెట్టింపు చేసుకున్నాం, సరిగ్గా సరిపోయింది. అమ్మగారి విషయం అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకోవద్దు. మా అత్తయ్యగారిని కొండ కింద ఎండలో కారులో కూర్చోబెట్టి పైకెళ్లాం, పైన ఎంత బాగున్నా నా మనసు మాత్రం కిందే ఉంది. మెట్లు ఎన్ని, మధ్యలో కూర్చోడానికి చోటుందా, కారు ఎంతవరకు వెళుతుంది, టాయిలెట్ ఎక్కడ, ఇవి ఓనరుని అడిగితే చెప్తారు. ఎక్కలేరని తేలితే ఆ పూట ఆవిడ ఇంటి దగ్గరే హాయిగా ఉండేలా, తోడుగా ఒకరు ఉండేలా చూసుకోండి.

జలపాతం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే మేం అక్కడ భయపడ్డాం. మేమున్న చోట మంచి ఎండ, పిల్లలు మడమల లోతు నీళ్లలో ఆడుకుంటున్నారు, చూస్తుండగా తేటగా ఉన్న నీరు మట్టి రంగులోకి తిరిగింది, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయి, హోరు పెరిగింది. అక్కడే ఉన్న ఒకాయన పైన కొండల్లో వాన పడింది, బయటికి రండి అని అరిచాడు. పిల్లల్ని ఎత్తుకుని గట్టెక్కిన పది నిమిషాలకి మేం కూర్చున్న రాయి కనబడలేదు. వాన మీ నెత్తిమీదే పడనక్కర్లేదు, ఎగువన పడినా చాలు. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్లని పడగొట్టగలవు, 60 సెంటీమీటర్లుంటే చాలా కార్లని లాక్కుపోతాయి, కాబట్టి తిరిగొచ్చే దారిలో రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దయచేసి దాటే ప్రయత్నం చేయకండి, గంట ఆలస్యమైతే అవనీయండి. పిడుగుల విషయంలోనూ అంతే, మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే ఇంట్లోకో కారులోకో వెళ్లిపోవాలి, చెట్టు కింద నిలబడొద్దు, ఆఖరి ఉరుము విన్నాక కూడా అరగంట ఆగాలి.

సరస్సుకి తెల్లవారేసరికే చేరుకోండి. గాలి తక్కువగా ఉండి నీళ్లు కదలకుండా ఉంటాయి, పక్షులు బాగా కనిపించేదీ అప్పుడే. మెర్లిన్ అని కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ల యాప్ ఉంది, ఫ్రీ, కూత విని ఏ పక్షో చెప్తుంది. ఆ ప్రాంతం పక్షుల ప్యాక్‌ని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకుంటే అక్కడ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. మ్యాపులు కూడా అలాగే ముందే సేవ్ చేసుకోండి.

కారు తీయాల్సిన పని లేకుండా దొరికే గొప్ప వినోదం రాత్రి ఆకాశం. బయట లైట్లు ఆర్పేసి, ఫోన్లు లోపల పెట్టేసి అరగంట ఓపిక పట్టండి, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కరు ఫోను తీసినా మళ్లీ మొదటికొస్తుంది. మేం మొదటి రాత్రి ఐదు నిమిషాలు చూసి, ఏముందిలే అని లోపలికి వచ్చేశాం. తర్వాత ఓ రాత్రి చాపలేసుకుని పడుకుంటే పాలపుంత మెల్లగా తేలుతూ కనిపించింది, మా అత్తయ్యగారు చిన్నప్పుడు చూశానే, మళ్లీ ఇన్నాళ్లకి అన్నారు. తేదీలు మార్చుకునే వీలుంటే అమావాస్య దగ్గరికి మార్చుకోండి. లేదంటే పౌర్ణమి వెళ్లిన ఐదారు రోజులకి కూడా పర్వాలేదు, చంద్రుడు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి రాత్రి తొలి భాగం చీకటిగానే ఉంటుంది.

పొలాల వెంబడి నడిచేటప్పుడు ముందు అడిగి వెళ్లండి, గేటు మూసి ఉంటే దాటాక మూసేయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి. ఆవుకీ దూడకీ మధ్యలోకి పిల్లల్ని వెళ్లనివ్వకండి, ఎంత సాధువైన ఆవైనా దూడ పక్కనుంటే మీదికి రావచ్చు. సాయంత్రం నడకలో వెనక్కి ఎప్పుడు తిరగాలో తెలియడానికి, చెయ్యి చాచి సూర్యుడికీ నేల అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి, వేలికి సుమారు పావుగంట. నాలుగు వేళ్లుంటే గంట వెలుగు ఉన్నట్టు. మా పిల్లలకి ఇదొక ఆటయిపోయింది.

ఇక మ్యూజియం ఆఖరి రోజు దారిలో చూసుకుని వెళ్లిపోతే సరిపోతుందా అని అడిగారు. వద్దండి. సామానంతా కారులో ఉంటుంది, ఇల్లు చేరాలన్న టెన్షన్ ఉంటుంది, లోపల ఏదీ నిలబడి చూడరు. పైగా మేం అలాగే ఆఖరి రోజు 45 కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళితే గేటుకి తాళం, ఆ రోజు వాళ్లకి వారపు సెలవు, ఆన్‌లైన్‌లో మాత్రం తెరిచే ఉందని చూపించింది. మ్యూజియాన్ని వానపడే రోజుకి అట్టిపెట్టుకోండి, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. వాన పడకపోతే ఐదో రోజు వెళ్లండి, ఆఖరి పొద్దు మాత్రం కాలవ దగ్గర కూర్చోడానికి ఖాళీగా వదిలేయండి.