బ్యాటరీ మార్చినా పాత ఓమ్నీ పొద్దున్నే స్టార్ట్ అవ్వట్లేదు, అమ్మేయాలా?

జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. మీరు రాసినట్టు మీది 1998 ఓమ్నీ, పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఓసారి మూలుగుతుంది, ఓసారి టక్‌మని ఊరుకుంటుంది, కొత్త బ్యాటరీ వేసినా నెలకే మళ్ళీ అదే వరస. ఇద్దరు నెడితే మాత్రం వెంటనే అందుకుంటుంది. మెకానిక్ ఇంజిన్ విప్పి బాగు చేయాలంటున్నాడు. నెడితే అందుకునే బండికి ఇంజిన్ పనేంటండి? పెట్రోలు వస్తోంది, స్పార్క్ వస్తోంది, కంప్రెషన్ ఉంది, అందుకేగా అందుకుంది! తేడా అంతా సెల్ఫ్ మోటారుకి కరెంటు వెళ్ళి తిరిగొచ్చే దారిలో ఉంది. వెళ్ళే దారి అందరూ చూస్తారు. తిరిగొచ్చే దారి, అంటే ఇంజిన్ నుంచి బండి బాడీ మీదుగా బ్యాటరీ నెగెటివ్‌కి చేరేది, అదే ఎర్త్, ఎవరికీ గుర్తుండదు. మా కోనసీమలో పాత బండ్లకి పదింట తొమ్మిది సార్లు రోగం అక్కడే. లెక్కలు రాసి పెట్టుకోలేదు గానీ ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా.

నాకీ సంగతి తెలిసింది పంటు మీద, అదే బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే బల్లకట్టు మీద. మాది రాజోలు వైపు. ఇంట్లో లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అల్లిన లేసు మూటలు కట్టి ఓమ్నీలో నర్సాపురం పట్టుకెళ్ళేవాళ్ళం. చించినాడ వంతెన మీదుగా వెళ్తే చుట్టు తిరుగుడు, పెట్రోలు దండగ అని నాన్నగారు ఎప్పుడూ సఖినేటిపల్లి రేవులో పంటే ఎక్కించేవారు. ఆ రేవుకి వంతెన వస్తుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. నాకు నలభై దాటాయి.

ఆ రోజు అంతర్వేది తీర్థం. నర్సాపురం ఒడ్డున జనం కిటకిటలాడుతున్నారు, మేం దిగితే గానీ వాళ్ళు ఎక్కడానికి లేదు. దిగాల్సిన వాటిలో మొదటిది మా బండే. గోదావరి పాటు మీదుంది, నీళ్ళు తగ్గి రేవు ఏటవాలు మామూలు కంటే ఎక్కువైంది. తాళం తిప్పాను. టక్. మళ్ళీ తిప్పాను. టక్. వెనకాల రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు, లెక్కలేనన్ని మోటారు సైకిళ్ళు, అన్నీ ఒకేసారి హారన్. నెట్టి స్టార్ట్ చేద్దామంటే ముందు ఏటవాలు, వెనక గోదావరి. పంటు కుర్రాడు "ఏవండోయ్, బండి తీయండి, బండి తీయండి" అని ఒకటే కేకలు, నేనేదో సరదాకి ఆపినట్టు. పక్కన నాన్నగారు, "మొన్నేగా కొత్త బ్యాటరీ వేయించావు, ఎవడు అంటగట్టాడ్రా నీకు?"

ట్రాక్టరు తోలే పెద్దాయన దిగొచ్చాడు. తలకి తువ్వాలు, నోట్లో చుట్ట. "లైట్లేసి సెల్ఫ్ కొట్టండి బాబూ" అన్నాడు. కొట్టాను. లైట్ల వెలుగు ఏం తగ్గలేదు. "బ్యాటరీని తిట్టకండి, అది బానే ఉంది. ఆ పక్క సీటు లేపండి." ఓమ్నీకి ఇంజిన్ ముందు సీట్ల కిందే కదా. నాన్నగారు దిగారు, సీటు లేపాం. "ఇప్పుడు కొట్టి, అలాగే పట్టుకోండి." పట్టుకున్నాను. ఆయన చోక్ కేబుల్ (చల్లటి ఇంజిన్ అందుకోవడానికి లాగే చోక్ తాలూకు సన్నటి తీగ) మీద రెండు వేళ్ళు పెట్టి చటుక్కున తీసేశాడు. "చెయ్యెట్టి చూడండి." పెట్టాను. ఇస్త్రీ పెట్టెని తాకినట్టే. పైన నల్ల తొడుగు మెత్తబడి, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది.

"ఆయ్, ఎర్త్ పోయిందండి. కరెంటుకి ఇంజిన్లోంచి బాడీకి దారి లేక ఈ కేబుల్లోంచి పోతోంది" అన్నాడు. లైట్లకి ఎర్త్ బాడీ నుంచే, అందుకే అవి దర్జాగా వెలిగాయి. సెల్ఫ్ మోటారుకి కావలసినంత కరెంటు సన్నటి కేబుల్లోంచి ఎక్కడ పోతుంది? నెట్టినప్పుడు స్పార్క్‌కి కావలసింది పిసరంత, అది ఎలాగోలా పోతుంది. ట్రాక్టరు పెట్టెలోంచి లావుపాటి వైరు తెచ్చి ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొస ఇంజిన్ బోల్టుకి అదిమి పట్టుకున్నాడు. తాళం తిప్పీ తిప్పగానే బండి అందుకుంది. నాన్నగారు వంద రూపాయలు ఇవ్వబోతే, "అదేం వద్దండి, ముందు బండి తీయండి, నా ట్రాక్టరు కదలాలి" అన్నాడు.

నర్సాపురంలో విప్పించి చూస్తే ఇంజిన్ నుంచి బాడీకి వెళ్ళే రాగి పట్టీ పచ్చగా చిలుం పట్టి, పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. కొత్త పట్టీకి రెండొందలు కూడా కాలేదు. అంతకుముందు నేను రెండు బ్యాటరీలు మార్చాను, సెల్ఫ్ మోటారు ఒకసారి బాగు చేయించాను. ఎర్త్ సరిగా లేకపోతే డైనమో ఛార్జింగ్ కూడా సరిగా ఎక్కదు, కాబట్టి ఎంత కొత్త బ్యాటరీ అయినా నాలుగు రోజుల్లో నీరసపడుతుంది. బ్యాటరీలు అమ్మేవాడికి ఇది తెలియదా అంటే, తెలిసినా ఎందుకు చెబుతాడు?

ఆ పట్టీని తినేసేది మా ఉప్పు గాలి ఒకటే కాదండి. రొయ్యల బండ్లు రోడ్డు పొడుగునా కారుస్తూ పోయే ఉప్పు నీళ్ళు మన బండి కిందికే కొడతాయి. ఆ బండ్ల వెనక వెళ్ళడం నేను మానేశాను.

మీరు చేయాల్సిందల్లా ఇది. మల్టీమీటరు (వోల్టులు కొలిచే మీటరు) ఒక కొన బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, రెండోది ఇంజిన్ మీద శుభ్రంగా గీకిన చోట పెట్టండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులకి అటూఇటూగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే దొంగ దొరికినట్టే. పట్టీ మార్చేటప్పుడు బాడీ మీద పెయింటు, తుప్పు ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు రాయించండి. చాలామంది రంగు మీదే బిగించేస్తారు, అక్కడే చెడుతుంది.

సెల్ఫ్ గిర్రున తిరుగుతూ అందుకోకపోతే అది వేరే కథ. రాత్రంతా ఉన్న బండికి పెట్రోలు వెనక్కి జారిపోవచ్చు, చోక్ పూర్తిగా మూసుకోకపోవచ్చు, వానాకాలం డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది) మూతలో చెమ్మ చేరొచ్చు. మూత విప్పి పొడి గుడ్డతో తుడిస్తే సగం బండ్లు బాగుపడతాయి. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు త్వరగా పాడవుతున్నాయి, అవి కూడా ఓసారి చూసుకోండి. ఆ మాటకొస్తే ఆ పెట్రోలు గురించి నాకు చాలా కోపం ఉంది, ఇంకోసారి రాస్తా.

బండి మాత్రం అమ్మకండి. ముందు మీటరు పెట్టండి. ఇంతా చేసి 0.2 లోపే చూపిస్తే నా మాట తప్పు, అప్పుడు సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్షులు, బుష్షులు చూపించండి. కానీ చూపించదు లెండి.