అటక మీది తుపాకీ ఎంత చేస్తుంది?

ప్రశ్న: మాది కలిగిరి దగ్గర పల్లె. పోయిన సంక్రాంతికి పాత మిద్దె విప్పదీస్తుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన పాతకాలం రైఫిల్ దొరికింది. మా తాత గ్రామ మునసబుగా చేశాడు. ఎవరో జమీందారు ఆయనకి బహుమానంగా ఇచ్చాడని మా నాయన చెప్పేవాడు. దాని మీద కిరీటం గుర్తు, ఇంగ్లీషు అక్షరాలు, సంవత్సరం ఉన్నాయి. ఫోటోలు చూసిన ఒకాయన 12 లక్షలు పలుకుతుందన్నాడు. ముందు టెస్టింగ్ ఖర్చుకి 40 వేలు పంపమంటున్నాడు. నాకు బ్యాంకులో 4 లక్షల బంగారం లోను ఉంది. ఇంట్లో నగలన్నీ అక్కడే ఉన్నాయి. పాప ఈ ఏడాది బీటెక్‌లో చేరుతోంది. తుపాకీ అమ్మి ఈ రెండింటి నుంచీ గట్టెక్కవచ్చా? ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: ముందు ఆ 40 వేలు పంపకండి. బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబుల పేరు చెప్పి మన జనాన్ని ఎలా ముంచారో మీరూ వినే ఉంటారు. ఇదీ అదే వరస. ఇంట్లో దొరికిన పాత వస్తువు, ఎవరూ ఊహించని ధర, దానికి ముందు మన జేబులోంచి టెస్టింగ్ ఖర్చు. నిజంగా కొనేవాడైతే ఆ టెస్టింగేదో తన డబ్బుతోనే చేయించుకుంటాడు.

ఇక ఫోటోల సంగతి. నేను ఆయుధాల నిపుణుణ్ని కాను, డబ్బు లెక్కలు చూసేవాణ్ని. అయినా మీ మూడో ఫోటోని పెద్దది చేసి చాలాసేపు చూశాను. ట్రిగ్గర్‌కి కాస్త పైన, పక్కకి బిగించిన ఇనప పలక మీద కిరీటం, దాని కింద వి.ఆర్. అనే అక్షరాలు, పక్కన ఎన్‌ఫీల్డ్ అన్న పేరు (బ్రిటిష్ సైన్యానికి తుపాకులు చేసిన కార్ఖానా పేరు), 1907 అన్న అంకె ఉన్నాయి. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. ఆమె 1901 జనవరిలోనే చనిపోయింది. చనిపోయిన ఆరేళ్లకి ఆమె పేరున ముద్ర ఎవరు వేస్తారు? ఇంకోటి చూడండి. ఎన్‌ఫీల్డ్ అన్న పేరులో 'ఎన్' అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఇంగ్లీషు చదవడం రాని పనివాడు అసలు తుపాకీని ఎదురుగా పెట్టుకుని చెక్కితేనే ఇలా వస్తుంది. పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్ సరిహద్దులోని ఖైబర్ కనుమ చుట్టుపక్కల చిన్న చిన్న కొలుముల్లో బ్రిటిష్ తుపాకులకి ఇలాంటి నకళ్లు చాలా తయారయ్యాయి. జమీందారు ఇచ్చాడన్న మాట నిజమే కావచ్చు. ఆయనకి దాన్ని ఎవరో అంటగట్టి ఉండొచ్చు!

మీరు రైఫిల్ అని రాశారు. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటేనే అది రైఫిల్. మీ ఫోటోలో మూతి దగ్గర నున్నగా కనిపిస్తోంది. 1857 తిరుగుబాటుకి నిప్పు రాజేసిన ఎన్‌ఫీల్డ్‌కి గాడులు ఉండేవి. ఆ తర్వాత దేశీ సిపాయిలకి మంచి రైఫిళ్లు ఇవ్వడానికి బ్రిటిష్ వాళ్లు జంకి, గాడులు లేని నున్నటి గొట్టం తుపాకులు చేయించి ఇచ్చారు. అందుకని నున్నగా ఉన్నంత మాత్రాన నకిలీ అనలేం. కానీ రాణి ముద్ర, 1907, తిరగబడ్డ అక్షరం మూడూ ఒకే పలక మీద ఉంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

మీకు తుపాకీ లోపలికి తొంగి చూడాలనిపిస్తుంది. వద్దు. మూతి నుంచి మందు దట్టించే ఇలాంటి తుపాకుల్లో ఎప్పుడో దట్టించిన మందు అలాగే ఉండిపోవచ్చు. కడ్డీ పెట్టి గెలకొద్దు, ఎండలో పెట్టొద్దు. ఒక పక్క గొట్టం తళతళలాడుతోంది, గరుకు కాగితం పెట్టి రుద్దినట్టున్నారు. ఇంక రుద్దకండి. పాత వస్తువుకి ఉన్న కాస్త విలువా ఆ పాత రంగులోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. నూరేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. మీకు ధర చెప్పినాయన కూడా అదే చెప్పి ఉంటాడు. ఆ నూరేళ్ల లెక్క 1972 నాటి పురావస్తువుల చట్టంలోది. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పైగా అలాంటి వస్తువుని విదేశాలకి అమ్ముకునే దారి ఆ చట్టం మూసేస్తుంది. లండన్ వేలంలో ఎంతకి పోయిందో చూసి మనం ఆశపడటం అందుకే దండగ. తుపాకీకి వర్తించేది 1959 నాటి ఆయుధాల చట్టం. పాత మోడల్ అయినా, పురాతన విలువ ఉన్నా, పాడైపోయినా సరే, బాగుచేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరానిదైతేనే అందులో మినహాయింపు. మంచి పనివాడి చేతిలో పడితే మళ్లీ పేలుతుందంటే అది తుపాకీయే. అది అసలుదా నకలా అని చట్టం అడగదు. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా. నకలైతే ధర పోతుంది, కేసు భయం మాత్రం పోదు.

అందుకని దాన్ని బస్సులో వేసుకుని ఏ చెన్నై అంగడికో తీసుకెళ్లకండి. ముందు తాత ట్రంకుపెట్టెలో పాత కాగితాలు వెతకండి. 1953 అక్టోబరు దాకా మన నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి, తుపాకీ లైసెన్సు పుస్తకం ఉంటే దాని మీద మద్రాసు ప్రభుత్వం ముద్ర ఉండొచ్చు. ఆ లైసెన్సు చెల్లుబాటు తాతతోనే ముగిసింది. అయినా ఆ తుపాకీ మీ ఇంటికి దొంగదారిలో రాలేదని చెప్పడానికి అదే ఆధారం. కాగితం దొరికినా దొరక్కపోయినా లాయరుతో ఉత్తరం రాయించి, ఆలస్యం చేయకుండా స్టేషన్‌కి తెలియజేయండి. తీసుకెళ్లడానికి వాళ్లనే రమ్మనండి. అప్పగించినప్పుడు మీద ఉన్న ముద్రలు, గొట్టం పొడవు రాసిన రసీదు అడిగి తీసుకోండి.

స్టేషన్‌లో ఇస్తే పోయినట్టే కదా అంటారేమో. తాతకి లైసెన్సు ఉన్నట్టు తేలితే అలా ఏమీ కాదు. నిర్ణీత గడువులోగా మీరు వారసుడిగా కలెక్టరు దగ్గర లైసెన్సుకి దరఖాస్తు చేసుకుని దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. లేదంటే లైసెన్సు ఉన్నవాళ్లకి అమ్మించి డబ్బు తీసుకోవచ్చు. గడువు దాటితే సర్కారుపరం అవుతుంది, కాబట్టి ఆ తేదీ రసీదు మీదే రాయించుకోండి. కాగితమే దొరక్కపోతే ఈ హక్కు మీద ఆశ పెట్టుకోకండి. అప్పుడు లాయరు పని కేసు లేకుండా చూడటం.

ధర సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. పేలే తుపాకీ అయితే లైసెన్సు ఉన్నవాడే కొనాలి. ఒక మనిషికి రెండుకి మించి ఉండకూడదు. అమ్మే ముందు ఫలానావాడికి అమ్ముతున్నామని రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఇన్ని దాటుకుని మీ నకలు తుపాకీ కోసం ఎవరొస్తారు? పేలదని నిపుణులు తేల్చితే గోడకి వేలాడదీసే అలంకరణ వస్తువు, దానికి తగ్గ ధరే. మీ ఆస్తుల పట్టికలో దాని ఎదురుగా సున్నా రాసుకోండి.

దాని కోసం ఆగితే పోయేది మీ డబ్బే. 4 లక్షల మీద 9 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 36 వేలు, నెలకి 3 వేలు. తుపాకీ తేలేదాకా చూద్దామని రెండేళ్లు రెన్యూవల్ చేసుకుంటూ పోతే 72 వేలు వడ్డీకే పోతాయి. కోతల డబ్బు రాగానే వడ్డీతో ఆపకుండా అసలులో కొంత కట్టండి. కట్టినంత మేరకు ఒకటో రెండో నగలు విడిపించి ఇవ్వమని మేనేజర్ని అడగండి. ఎవరూ పెట్టుకోని పాత మోడల్ నగ ఉంటే అమ్మి అసలుకి జమ చేయండి. ఈ మాట ఇంట్లో ఆడవాళ్లతో మీరే మాట్లాడాలి, నేను రాసినంత తేలిక కాదు.

పాప చదువుకి తుపాకీని, నగల్ని ముట్టుకోవాల్సిన పని లేదు. ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉందేమో చూడండి. మిగిలిన దానికి విద్యారుణం అడగండి. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకుండా ఇచ్చే పథకం బ్యాంకుల్లో ఉంది. కంతులు చదువు అయ్యాక ఏడాదికి మొదలవుతాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపైతే కేంద్రం వడ్డీ రాయితీ గురించి కూడా అడగండి. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి, అడ్మిషన్ల టైములో క్యూలు పెద్దవి.

రసీదు చేతికొచ్చాక దాని ఫోటో నాకు పంపండి. తుపాకీ ఫోటోలు మాత్రం ఇంకెవరికీ పంపకండి, నాతో సహా.